జపాన్ డెక్కు తిన్న ఆదివారాలు

ఆ రోజుల్లో నాకు కావలసింది ఒక్కటే. ఊరికే కూర్చోవడానికి ఒక ఆదివారం. నగలు అడగలేదు, పట్టుచీర అడగలేదు. వారమంతా తిరుత్తణిలో తెల్లారకముందే లేచి, వండి, అత్తకు మందులిచ్చి, పాపకు జడ వేసి, ప్యాసింజర్ బండి పట్టుకుని తిరువళ్ళూరులో రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డుకు పోయేదాన్ని. అక్కడ నా పని చొక్కా చేతులు కుట్టడం. చేతులు మాత్రమే. కాలర్లు వేరేవాళ్ళు, గుండీలు వేరేవాళ్ళు. నేను కుట్టిన చొక్కా పూర్తయ్యాక ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం మళ్ళీ అదే బండి, మళ్ళీ అదే పొయ్యి.

మా ఆయనది పట్టాభిరామ్ దగ్గర మోటారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. షిఫ్టు దిగి ఏ వేళకు వస్తాడో ఆయనకే తెలియదు. అందుకని ఆయన అన్నం కంచంలో పెట్టి, పైన ఇంకో కంచం మూసి, పొయ్యి పక్కన ఉంచి పడుకునేదాన్ని. మాది మేనరికం. ఆయన నాకు బావ, ఆయన తల్లి నాకు మేనత్త. అయినా అత్త అత్తే. ఆవిడ నులకమంచం మీద ఉంటే నేను నేల మీద కూర్చోవాలి, లేదా గుమ్మం దగ్గర నిలబడాలి. ఆ మంచం మీద నేను కూర్చోవడమన్న ఆలోచన ఆవిడకూ రాలేదు, నాకూ రాలేదు.

ఎనభైల నడుమ ఒక సంవత్సరం ఫ్యాక్టరీ వాళ్ళు ఆయన్ని శిక్షణ కోసం ఆరు నెలలు జపాన్ పంపారు. వీధివీధంతా రైల్వే స్టేషనుకు వచ్చింది. ఆయన విమానంలో తిరుగుతుంటే నేను ఇక్కడ అత్త ఉబ్బసాన్నీ, పాప జ్వరాలనీ, కారే పెంకునీ చూసుకున్నాను. ఎలా ఉన్నావని అడిగినవాళ్ళు లేరు. అందరూ "జపాన్ నుంచి కబురొచ్చిందా" అనే అడిగారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన ఒక చిన్న కలర్ టీవీ, ఒక వీడియో డెక్కు, ఒక అట్టపెట్టె నిండా వీడియో క్యాసెట్లు తెచ్చాడు. అప్పట్లో మా వీధిలో డెక్కు అంటే పెళ్ళిళ్ళకు, పండగలకు అద్దెకు వచ్చే వస్తువు. సొంత డెక్కు ఎవరికీ లేదు. ఎదురింటి అక్క, వాళ్ళది క్రైస్తవుల ఇల్లు, ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చేసింది, సినిమా క్యాసెట్ చంకలో పెట్టుకుని. చాపలు పరిచాను. పిల్లలు, ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, అందరూ సర్దుకుని కూర్చున్నారు.

ఆ దేశపు కరెంటు మన కరెంటులో సగం కూడా ఉండదట. దానికోసం ఆయన ముందే ఒక ట్రాన్స్‌ఫార్మర్ చేయించి పెట్టాడు. ఇనప పెట్టె, ఆన్ చేస్తే గుయ్యిమని మూలిగేది. అంతవరకూ ఆలోచించిన మనిషి, బొమ్మ వచ్చే పద్ధతి కూడా దేశానికొకటి ఉంటుందని ఆలోచించలేదు. సినిమా క్యాసెట్ పెట్టగానే తెర మీద గీతలు పరుగెత్తాయి. హీరో మొహం రెండు ముక్కలై పైకి ఒకటి, కిందికి ఒకటి పోయింది. గొంతు పిచ్చుక గొంతయింది. డెక్కు తీసేసి ఏరియల్ తగిలిస్తే మన దూరదర్శనూ రాలేదు. బొమ్మ దొర్లుతూ పోయింది, మాట అసలే లేదు.

"నా కొడుకు జపాన్ పోయి జపానోళ్ళ టీవీనే తెచ్చినాడు. దానికి తమిళమూ రాదు, తెలుగూ రాదు," అంది అత్త మంచం మీద నుంచి. వీధంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, పరిచిన చాపలన్నీ నేనే చుట్టాలని గుర్తొచ్చి ఆగిపోయింది.

ఎదురింటి అక్కకే జాలేసింది. "పావం, అంత దూరం నుంచి మోసుకొచ్చినాడు. ఆ పెట్టెలో ఏముండాదో అదైనా ఎయ్యి తంబీ, సుమ్మా, ఊరికే చూస్తాం," అంది.

ఆ పెట్టెలో ఉన్నది బొమ్మల కథ. జపాన్‌లో ఆయనున్న హాస్టల్లో ప్రతివారం టీవీలో వచ్చేదట. వార్డెన్ దగ్గరున్న డెక్కులో ఆయన వారం వారం రికార్డు చేసుకున్నాడు. మీసాలున్న మనిషి, బిడ్డ తండ్రి, చిన్నపిల్లల బొమ్మలు పట్టుకొచ్చాడని ఫ్యాక్టరీలో అప్పటికే ఏడిపిస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా క్యాసెట్ వేశాడు.

బొమ్మ నిలబడింది. నీలం సముద్రం, దాని ఒడ్డున రాతిగోడ, గోడ మీద ఒక పిల్ల. పిల్ల వెనక ఇల్లంత ఎత్తు ఇనప మనిషి. అలలు వచ్చి గోడను కొడతాయి, రాళ్ళు పడిపోతాయి. ఇనప మనిషి వంగి ఒక్కొక్క రాయీ ఎత్తి మళ్ళీ పేరుస్తాడు. ఆ రంగులు మేం అంతవరకూ ఏ తెర మీదా చూడలేదు. వీధి గప్‌చుప్‌గా అయిపోయింది.

"ఆ పిల్ల ఏమిటికిరా ఏడస్తాండాది?" అని అడిగింది అత్త.

అక్కడ మొదలైంది. ఆయన డెక్కు పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. అత్త కోసం తెలుగులో, వీధి కోసం తమిళంలో, ఒక్కోసారి ఒకే మాటలో రెండూ. ఆ పిల్లకు ఎవరూ లేరు, అన్న సముద్రం మీద పోయి తిరిగి రాలేదు. ఈ ఇనప మనిషిని చేసింది ఆ అన్నే. పిల్ల ప్రతిరోజూ అన్న కోసం ఒక గిన్నెలో అన్నం పెట్టి ఉంచుతుంది, ఏ పూట వస్తాడో అని. ఇనప మనిషికి ఇనపయ్య అని పేరు పెట్టింది మాత్రం మా ఆయనే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మా ఇల్లు టాకీసే. వేరే క్యాసెట్ ఆడదు కాబట్టి వేసిందే వేయాలి. అయినా వచ్చేవాళ్ళు. ఇంకా ఎక్కువమంది వచ్చేవాళ్ళు. వంతులు వేసుకుని కాఫీ ఇవ్వడం, లోటాలు కడగడం, పిల్లలు ఒలకబోసింది తుడవడం, అందరూ పోయాక చెప్పుల మట్టి ఊడ్వడం నా వంతు. మిగతా వంతులు ఎవరివో నాకు తెలియదు.

పిచ్చి ముదిరింది. పాప పక్కింటి పిల్లలతో చేరి కిరోసిన్ డబ్బా రేకుతో ఇనపయ్యను చేసింది. తన గౌనుకు ఆ పిల్ల గౌనులా ముందు పెద్ద జేబు కుట్టమని ప్రాణం తీసింది. వారమంతా చేతులు కుట్టొచ్చి ఇంట్లో జేబు కుట్టాను. దాన్ని చూసి వీధిలో ఆడపిల్లలందరికీ జేబులు కావలసివచ్చాయి. ధనుర్మాసంలో ఒకరోజు తలుపు తీస్తే మా వాకిట్లోనే ఇనపయ్య ముగ్గు, చుక్కలు కలిపి, కళ్ళకు పసుపు వేసి. ఎవరేశారో గానీ, నాకు మాత్రం ముగ్గేసే పని తప్పింది. ఆ ఒక్కరోజు ఇనపయ్యకు దండం పెట్టాలనిపించింది.

అందరికంటే పిచ్చి అత్తకు. ఆయన ఒక వారం చెప్పిన మాట ఇంకో వారం మారిస్తే పట్టేసేది. "పోయినతూరి వాళ్ళన్న చేపలకు పోయినాడన్నావు, ఇప్పుడు యుద్ధానికి అంటాండావు. యాడికి పోయినాడో సరిగ్గా చెప్పు."

"చేపలకే పోయినాడు, నడుమ యుద్ధం వచ్చింది," అనేవాడు ఆయన. జపాన్ భాషలో ఆయనకొచ్చింది స్క్రూలు, బోల్టుల పేర్లు, దండాలు, భోజనం మాటలు. కథలో ముప్పాతిక వంతు ఆయన అల్లిందేనని నాకు తెలుసు. అత్తకూ తెలుసుననుకుంటాను. తెలిసినా ఆవిడకు కావాలి.

ఆయన పిచ్చి వేరే రకం. బొమ్మను ఒకచోట ఆపి, తెర దగ్గర మొహం పెట్టి చూసేవాడు. "ఇదంతా చేత్తో గీసింది. ఒక్క అల విరగాలంటే ఎన్ని కాగితాలు గీయాలో తెలుసునా? మొహాలు గీసేవాడు ఒకడు, మధ్యలో కదలిక గీసేవాళ్ళు వేరే, రంగులేసే ఆడోళ్ళు వేరే, హాలు నిండా కూకొని గీస్తారంట," అని చెప్పేవాడు. ఇలాంటి బొమ్మల పిచ్చివాళ్ళకు జపాన్‌లో ఒక పేరుందని, ఒటాకు అంటారని, చాలా ఏళ్ళ తర్వాత పేపర్లో చదివాను. అప్పటికి నాకు తెలిసిన పేరు తిక్కమనిషి. అయితే ఆ హాలు సంగతి మాత్రం నా మనసులో దిగింది. అలలు మాత్రమే గీసే ఆడమనిషి ఒకతె ఉంటుంది కదా. మొహాలు ఆమెకు ఇవ్వరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలలు, అలలు. ఆమె కూడా బండి దిగి ఇంటికి పోయి వండుకుంటుందేమో. షెడ్డులో మిషను తొక్కుతూ చాలాసార్లు ఆమెను తలుచుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద నాకు అంత జాలి కలగలేదు. గోడ మీద నిలబడి సముద్రం చూస్తుంది, పాట పాడుతుంది, జుట్టు ఎగురుతుంది. నాకు ఇనపయ్య మీదే కన్ను. వారం వారం గోడ పడిపోతుంది, వారం వారం కడతాడు. వానలో, మంచులో, కీళ్ళు తుప్పు పట్టి కీచుమంటున్నా సరే. ఆయన కథలో ఇనపయ్యకు ఒక్క మాట కూడా లేదు. వాడేమనుకుంటాడో ఎవరూ అడగలేదు. ఒకసారి కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటే ఎదురింటి అక్క నన్నూ తెరనూ చూసి, "ఇనపయ్య తెరలోనే కాదు, ఈడ కూడా ఒకడు నిలబడుండాడు," అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. లోపలికి పోయి లోటాలు గట్టిగా చప్పుడు చేస్తూ కడిగాను.

పెట్టెలో చివరి క్యాసెట్ ఎక్కడ ఆగుతుందంటే, సముద్రం అంచున ఒక పడవ కనిపిస్తుంది. పిల్ల గోడ దిగి పరుగెత్తుతుంది. అంతే, పాట వస్తుంది. ఆ తర్వాతి వారం రాకముందే ఆయన శిక్షణ అయిపోయి విమానం ఎక్కేశాడు. పడవలో ఎవరు? వీధంతా ఇదే గొడవ. అన్న పెళ్ళిచేసుకుని పెళ్ళాంతో వస్తున్నాడని ఎదురింటి అక్క. అన్న ఒక్కడే, చెయ్యో కాలో పోయి వస్తున్నాడని అత్త. నీళ్ళ పంపు దగ్గర, రేషన్ వరసలో ఇదే మాట.

"అంతా నువ్వే అల్లినావు గదా, ఆ ఒక్కటీ అల్లేయ్ బావా. పడవ దిగినాడు, అన్నం తిన్నాడు అని చెప్పేయ్. నా ఆదివారాలు నాకొస్తాయి," అన్నాను.

"చూడంది ఎట్లా చెప్పేది? పడవలో ఎవురుండారో నాకూ తెలీదు," అన్నాడు. అంత అబద్ధం ఆడినవాడికి ఆ ఒక్కచోట ఎక్కడలేని నీతి వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి తర్వాతి బ్యాచ్‌లో జపాన్ పోతున్న అతన్ని బతిమాలాడు. తర్వాతి వారం రికార్డు చేసి దాచిపెడతానని ఆయన బయలుదేరేటప్పుడే వార్డెన్ మాటిచ్చాడట, ఆ క్యాసెట్ తెమ్మని. ఆ క్యాసెట్ కోసం వీధిలో అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది నేను. కథ అయిపోతే జనం రారు, జనం రాకపోతే నేను కూర్చుంటాను. నా లెక్క అది.

క్యాసెట్ వచ్చిన ఆదివారం వాకిట్లో కూడా చాపలు పరిచాను. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు తప్ప చప్పుడు లేదు. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "పడవ వస్తాండాది. పిల్ల పరుగెత్తుతాండాది. ఇదో, వాళ్ళన్న..."

పడవ ఒడ్డుకు వచ్చింది. అందులో ఒక ముసలి పడవవాడు, అంతే. వాడు దిగి పిల్లకు తల వంచి దండం పెట్టాడు. పిల్ల ఇంట్లోకి వెళ్ళింది. మేమెప్పుడూ చూడని ఒక మూల గదిలో చిన్న చెక్క అరమర. అందులో ఒక పడుచువాడి ఫొటో. దాని ముందు ఆ అన్నం గిన్నె, పొగ లేస్తున్న అగరుబత్తి. పిల్ల చేతులు జోడించింది. ఫొటో తీసి గుడ్డలో చుట్టి, ముందే కట్టుకున్న మూటలో పెట్టుకుంది.

ఆయన మాట ఆగిపోయింది. చాపల మీద అందరూ ఆయన వైపు తిరిగారు.

"పోయినోళ్ళకు పెట్టే కూడురా అది," అంది అత్త మెల్లగా. తాళి తెగి ఎన్నో ఏళ్ళయిన మనిషి, ఆవిడకే ముందు అర్థమైంది. "మొదటి నుంచీ వాడు లేడు. నువ్వు రాలేదు రాలేదంటాండావు."

పిల్ల పడవ ఎక్కింది. ఆ పడవ వచ్చిందే ఆమెను తీసుకుపోవడానికి. ఇన్నాళ్ళూ గోడ మీద నిలబడింది ఎవరైనా రావాలని కాదు, తను పోవాలని. పడవ చిన్నదై, చుక్కయి, లేకుండా పోయింది. ఒడ్డున ఇనపయ్య ఒక్కడే మిగిలాడు. చేతిలో ఉన్న రాయిని గోడ మీద పెట్టాడు. ఇంకో రాయి కోసం వంగబోయి, ఆగాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత మోకాళ్ళు కీచుమంటుండగా, మెల్లగా, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అల వచ్చి కాళ్ళు తడిపింది. కథ అయిపోయింది.

చేతిలో పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఏడ్చాను. కొంగు అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎవరూ చూడలేదనుకున్నాను, అందరూ ఆయన మీద పడి ఉన్నారు కాబట్టి. "ఇన్నాళ్ళూ చెప్పిందంతా పొయ్యేనా? ఎన్నా తంబీ ఇదీ," అని ఎదురింటి అక్క గదమాయించింది. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. అన్న లేని కథ ఎవరికి కావాలి? కాఫీ తాగకుండానే లేచిపోయారు.

ఆ రాత్రి అందరం తిన్నాక ఆయన ఆలస్యంగా భోజనానికి వచ్చి, మూత కంచం తీసి, అన్నం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"హాస్టల్లో ఆ గిన్నె కనిపించినప్పుడల్లా ఇదే అనుకున్నానే," అన్నాడు. "నువ్వు మూసిపెట్టే కంచం. నాకోసరం యాడో ఒకచోట అన్నం మూసిపెట్టి ఉండాది అనుకుంటే ఆ పూటకు నిద్ర పట్టేది. వేరే అర్థం ఉంటాదని తట్టనే లేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ కంచం గురించి ఆయన మాట్లాడటం అదే మొదలు. ఎలా ఉన్నావని అడగని ఆరు నెలలకూ ఇదేనా జవాబు అని కోపం వచ్చింది. సంతోషమూ వచ్చింది, దాచుకోను. "సల్లారిపోతాది, తిను," అని మాత్రం అన్నాను.

మరుసటి ఆదివారం ఎవరూ రాలేదు. ఆయన డెక్కు మీద తువ్వాలు కప్పేసి, పాపను తీసుకుని బజారుకు పోయాడు. మంచం మీద అత్త తప్ప ఇల్లు ఖాళీ. నేను ఇన్నాళ్ళూ అడిగిన ఆదివారం అదే. కానీ కూర్చోవడం చేతకాలేదు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. తోమిన గిన్నెలు మళ్ళీ తోమాను. బియ్యంలో రాళ్ళు లేకపోయినా చేట తీసుకుని చెరిగాను. ఒళ్ళంతా నొప్పి, అయినా కాళ్ళు వంగవు.

ఆయన తిరిగి వచ్చాక, "ఆ చివరి క్యాసెట్ ఒకతూరి ఎయ్యి," అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. తువ్వాలు తీసి, ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేశాడు. ఈసారి కథ చెప్పలేదు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని డెక్కు పక్కన ఉండిపోయాడు. ఆ పిల్ల మాటలు, సముద్రం హోరు, మొదటిసారి వాటంతట అవి వినిపించాయి. నేను చేట పట్టుకుని, అలవాటు ప్రకారం, గుమ్మంలో నిలబడే ఉన్నాను.

పడవ పోయింది. ఇనపయ్య రాయి పెట్టాడు, ఆగాడు. మోకాళ్ళు కీచుమన్నాయి.

అప్పుడు మంచం కిర్రుమంది. అత్త దగ్గుతూ, ఒక చేత్తో నులక పట్టుకుని, రెండు కాళ్ళూ దగ్గరికి ముడుచుకుంది. మంచం ఆ చివర చోటు ఖాళీ అయింది. నాకు అర్థం కాలేదు. నీళ్ళు కావాలా అని అడిగాను.

"నీళ్ళూ వద్దు ఏమొద్దు. పోయినవారమూ నిలబడే ఏడిస్తివి, సూడలేదనుకున్నావా," అంది. "ఆ ఇనపోడే కూకున్నాడు. నీకేమొచ్చిందే? కూకో."

చేట కింద పెట్టి కూర్చున్నాను. ముడిచిన అత్త పాదాలు నా నడుముకు తగులుతున్నాయి, చల్లగా ఉన్నాయి. క్యాసెట్ అయిపోయి తెర మీద చుక్కలు మాత్రమే మిగిలినా, మాలో ఎవరమూ లేవలేదు.